జీర్ణవస్త్రానికి మరో జీవితం

భగవద్గీత రెండవ అధ్యాయంలో దేహాన్ని వస్త్రంతో పోల్చిన శ్లోకం తెలుగునాట చదువురాని వారికి కూడా పరిచితమే. మనిషి జీర్ణవస్త్రాన్ని విడిచి కొత్తది కట్టుకున్నట్లే ఆత్మ పాత దేహాన్ని విడిచి కొత్తది స్వీకరిస్తుందని దాని తాత్పర్యం. వేదాంతికి ఆ పోలిక అక్కడితో చాలు. ఇల్లు దిద్దుకునే గృహిణికి మాత్రం అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. విడిచిన ఆ వస్త్రం ఏమయింది?

ఈ ప్రశ్నకు మన ప్రాచీన వాఙ్మయంలోనే ఒక చక్కని సమాధానం ఉంది. వినయపిటకంలోని చుల్లవగ్గం చెప్పే వృత్తాంతమిది. బుద్ధుని పరినిర్వాణానంతరం ఆనందుడు కౌశాంబికి వెళ్ళాడు. ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆయన ధర్మబోధ విని సంతోషించి ఐదువందల ఉత్తరీయాలు సమర్పించారు. రాజుకు ఈ సంగతి నచ్చలేదు. ఇన్ని వస్త్రాలు పుచ్చుకున్న భిక్షువు బట్టల వ్యాపారం చేయదలచాడా, అంగడి పెట్టదలచాడా అని ఆగ్రహించి స్వయంగా వెళ్ళి అడిగాడు. చీవరాలు చినిగిపోయిన భిక్షువులకు వీటిని పంచిపెడతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాత చీవరాలను ఏం చేస్తారు? పడకమీద పరచుకునే దుప్పట్లు చేసుకుంటాము. పాత దుప్పట్లను? పరుపులకు గలీబులు చేస్తాము. పాత గలీబులను? నేలమీద పరచుకుంటాము. అవి పాతబడితే కాళ్ళు తుడుచుకునే గుడ్డలవుతాయి. అవీ పాతబడితే దుమ్ము దులిపే గుడ్డలవుతాయి. ఇక ఎందుకూ పనికిరాని స్థితికి వచ్చినప్పుడు ముక్కలు చేసి, మట్టిలో కలిపి పిసికి, నేలకు అలుకుతాము. రాజు తృప్తిపడి మరో ఐదువందల వస్త్రాలు ఇచ్చి వెళ్ళాడు.

రెండు వేల ఏళ్ళకు పైబడిన ఈ సంభాషణ మన ఇళ్ళలో ఏ అమ్మమ్మో చెప్పినట్లే ఉంటుంది. పాత చీర బొంత కావడం, పాత ధోవతి పసిబిడ్డకు జుబ్బా కావడం, పాత దుప్పటి లోపలి లంగా కావడం నిన్నమొన్నటి వరకు ప్రతి ఇంటా జరిగిన పనులే. వీటిని పొదుపు అనే ఒక్క మాటతో ముగించడం అలవాటయింది. కాని పాతబట్టల కుట్టు చరిత్రను కొంచెం లోతుగా చూస్తే అందులో పొదుపుకన్నా పెద్ద ప్రశ్నలు కనిపిస్తాయి. ఆ బట్టను ఎవరు కుట్టారు, ఎవరికోసం కుట్టారు, తొడుక్కున్నవారు ఇష్టపడి తొడుక్కున్నారా, గత్యంతరం లేక తొడుక్కున్నారా? ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాన్ని బట్టి ఒకే చింకిపాత పూజ్యవస్తువు కావచ్చు, అవమానచిహ్నమూ కావచ్చు.

పొలం మడుల వంటి చీవరం

తొలినాటి బౌద్ధ భిక్షువులు ధరించినది పాంసుకూలం. చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో పారవేసిన గుడ్డపేలికలను ఏరి, ఉతికి, కుట్టుకున్న వస్త్రమని దాని అర్థం. తరువాత గృహస్థులు ఇచ్చే వస్త్రాలను స్వీకరించడానికి బుద్ధుడు అనుమతించినా, వాటిని ముక్కలుగా కత్తిరించి కుట్టుకోవాలన్న నియమం ఏర్పడింది. మహావగ్గం ఈ నియమానికి ఒక అందమైన సందర్భం చెబుతుంది. దక్షిణగిరికి వెళుతున్న బుద్ధుడు దారిలో మగధ దేశపు వరిమడులను చూశాడు. పొడుగాటి మడులు, వాటి మధ్య గట్లు, గట్లు కలిసే కూడళ్ళు. భిక్షువులకు ఇటువంటి చీవరాలు చేయగలవా అని ఆనందుని అడిగాడు. ఆనందుడు ఆ అమరికను గ్రహించి, మడుల వలె ముక్కలు పేర్చి, గట్ల వలె పట్టీలు వేసి చీవరాన్ని కుట్టించాడు. నేటికీ శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్ భిక్షువులు ధరించే చీవరంలో ఈ మడుల అమరికే కనిపిస్తుంది.

ముక్కలు చేయడంలో ఆచరణీయమైన కారణం కూడా ఉంది. కత్తిరించి అతికిన వస్త్రాన్ని దొంగలు ఆశించరు. ధరించినవానికి కూడా దానిమీద మమకారం పెరగదు. అయితే విలువ తీసివేసిన ఈ బట్టను కుట్టడంలో అశ్రద్ధకు మాత్రం తావులేదు. సూదులు తుప్పు పట్టకుండా దాచుకునే గొట్టాలు, కుట్టుపనివారు అంగుస్తానా అని పిలిచే వేలితొడుగు, బట్టను బిగించి కుట్టడానికి కఠినం అనే చట్రం వంటి వాటి గురించి వినయపిటకం వివరంగా చర్చిస్తుంది. ఆ చట్రం పేరే వర్షావాసం ముగిశాక చీవరదానం చేసే కఠినోత్సవానికి నిలిచింది. అమరావతి, నాగార్జునకొండ విహారాల్లో నివసించిన భిక్షువులకూ ఈ సూదీ దారాల పని నిత్యకృత్యమే అయి ఉంటుంది.

సాధువుల కంథ, సూఫీల అంగీ

సంస్కృతంలో కంథ అంటే అతుకుల బట్ట, బొంత. సన్న్యాసి ఆస్తిగా దండకమండలువులతో పాటు కంథ కూడా మన వాఙ్మయంలో తరచు కనిపిస్తుంది. వంగదేశపు వైష్ణవ సంప్రదాయంలో దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం సనాతన గోస్వామి కథ. ఆయన గౌడ సుల్తాను హుసేన్ షా కొలువులో ఉన్నతోద్యోగి. పదహారవ శతాబ్ది తొలినాళ్ళలో కొలువు విడిచి, చెర తప్పించుకుని, చైతన్య మహాప్రభువును కలుసుకోవడానికి వారణాసి చేరాడు. అక్కడ తపనమిశ్రుడు కొత్తబట్ట ఇవ్వబోతే వద్దని, మిశ్రుడు కట్టి విడిచిన పాత ధోవతి ఒకటి అడిగి పుచ్చుకుని, దానిని చింపి కౌపీనాలు, పైవస్త్రాలు చేసుకున్నాడని కృష్ణదాస కవిరాజు చైతన్య చరితామృతంలో వర్ణించాడు. అప్పటికీ ఆయన భుజాన ఒక ఖరీదైన కంబళి మిగిలి ఉంది. చైతన్యుడు మాటిమాటికీ దానివైపు చూడటం గమనించిన సనాతనుడు గంగ ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ ఒక గౌడదేశీయుడు తన కంథను ఉతికి ఆరవేసుకుంటున్నాడు. కంబళి అతనికిచ్చి ఆ కంథను తెచ్చుకున్నాడు. ఆ మనిషి తనను పరిహాసం చేస్తున్నారనుకున్నాడట.

ఇంచుమించు ఇదే భావం సూఫీల ముఖంగా అంతకు అయిదు శతాబ్దాల ముందే మన ఉపఖండంలో వినిపించింది. పదకొండవ శతాబ్దిలో లాహోరులో స్థిరపడిన అలీ హుజ్వీరీ పారసీకంలో రచించిన కష్ఫుల్ మహ్‌జూబ్ గ్రంథంలో అతుకుల అంగీ ధరించడం గురించి ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఉంది. అతుకు ఎట్లా వేయాలన్న విషయంలో ఫకీరులలో రెండు పక్షాలున్నాయంటాడు ఆయన. సూది ఎటు పోతే అటు పోనివ్వాలి, వరుస కోసం పాకులాడరాదని ఒక పక్షం. కుట్టు తిన్నగా, క్రమంగా ఉండాలి, అది కూడా సాధనలో భాగమేనని రెండవ పక్షం. అతుకుల అంగీని లోకం మెప్పు కోసం తొడుక్కునేవారిని హుజ్వీరీ తీవ్రంగానే హెచ్చరించాడు. చింకిబట్ట కూడా ఆడంబరం కాగలదని ఆయనకు తెలుసు.

ఎంచుకున్న పాత, అంటగట్టిన పాత

భిక్షువు, వైరాగి, ఫకీరు ముగ్గురూ పాతబట్టను తమంతట తాము ఎంచుకున్నవారు. కొత్తది అందుబాటులో ఉండి కూడా వద్దన్నవారు. కాని మన సమాజంలో పాతబట్టను నియమంగా మోసిన వారు వేరే ఉన్నారు. మనుస్మృతి పదవ అధ్యాయం శూద్రునికి ఎంగిలి అన్నంతో పాటు జీర్ణవస్త్రాలు ఇవ్వాలని విధించింది. చండాలురకు మృతుల వస్త్రాలే వస్త్రాలన్నది. గ్రంథంలోని ఆజ్ఞ ఎంతవరకు అమలు జరిగిందన్నది వేరే చర్చ. ఊరి పనిపాటలు చేసేవారికి కూలిలో భాగంగా కట్టివిడిచిన బట్టలు ఇవ్వడం, మంత్రసానికి పురిటి బట్టలు, రజకునికి చావింటి బట్టలు చెందడం మాత్రం ఇటీవలి వరకు పల్లెల్లో చూసిన ఆచారమే.

1927 డిసెంబరులో మహారాష్ట్రలోని మహాడ్‌లో మనుస్మృతిని దహనం చేసిన సభల సందర్భంలోనే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ దళిత స్త్రీలను ఉద్దేశించి ప్రత్యేకంగా మాట్లాడారు. కట్టూబొట్టూ చూసి ఇతరులు కులాన్ని గుర్తుపట్టే స్థితి పోవాలని, చీర కట్టే తీరు మార్చుకోవాలని, శుభ్రంగా ఉండాలని ఆయన బోధించారు. బట్ట మనిషి అంతస్తును ప్రకటించే ముద్రగా మారిన సమాజంలో అతుకుల బట్టను కీర్తించేటప్పుడు ఈ సంగతి మరువరాదు. ఎంచుకున్న చింకిపాత వేరు, అంటగట్టిన చింకిపాత వేరు. తెలుగులో పాత అన్న మాటకు పురాతనమైనది అన్న అర్థంతో పాటు గుడ్డపేలిక అన్న అర్థం కూడా ఉండటం ఇక్కడ గమనించదగిన విశేషం.

ఈ రెండింటికీ మధ్య మూడవ స్థానం ఒకటుంది. అది ఇల్లు. అక్కడ పాతబట్ట తన మనుషులది. కుట్టే చేయి తనది. కప్పుకునేది తన బిడ్డ. ఉపఖండంలోని కుట్టుకళలలో అత్యుత్తమమైనవి కొన్ని ఈ స్థానంలోనే పుట్టాయి.

వంగదేశం నుంచి సింధు వరకు

వీటిలో లోకప్రసిద్ధి పొందినది వంగదేశపు కాంథా. కట్టి కట్టి మెత్తబడిన తెల్లచీరలు, ధోవతులు మూడు నుంచి ఏడు పొరలు నేలపై ముడతలు లేకుండా పరచి, అంచులు లోనికి మడిచి, ముందు దూరదూరంగా పొడవు కుట్లు వేసి పొరలను కదలకుండా నిలుపుతారు. తరువాత అన్ని పొరలనూ కలుపుతూ సన్నని గుచ్చుకుట్టు మొదలవుతుంది. రంగుదారాల కోసం అంగడికి పోనవసరం లేదు. పాతచీరల అంచుల నుంచి ఎరుపు, నీలం, నలుపు దారాలు లాగి దాచుకునేవారు. నడుమ పద్మం, నాలుగు మూలలా చెట్లు లేదా మామిడిపిందెలు, మధ్య ఖాళీల్లో రథాలు, పడవలు, ఏనుగులు, ఇంటి సామాను. బొమ్మలు లేనిచోట కూడా తెల్లదారంతో దగ్గరదగ్గరగా వేసిన కుట్లు బట్టకు నీటి అలల వంటి ముడతలు తెస్తాయి. చలికి కప్పుకునేది లేప్, పరచుకునేది సుజని, అద్దం దువ్వెన చుట్టిపెట్టేది ఆర్శిలత అని వాడుకను బట్టి పేర్లు కూడా వేరువేరు.

ఈ కాంథాలను పనిగట్టుకుని సేకరించినవారిలో అగ్రగణ్యుడు గురుసదయ దత్తు (1882-1941). ఐ.సి.యస్. అధికారిగా వంగదేశపు జిల్లాలు తిరుగుతూ ఆయన కూడబెట్టిన జానపద కళావస్తువులు కలకత్తా సమీపంలోని జోకాలో ఆయన పేరిట వెలసిన మ్యూజియానికి చేరాయి. అందులో మానదాసుందరి అనే స్త్రీ తండ్రికి కానుకగా కుట్టిన కాంథా సుప్రసిద్ధం. దానిపై ఆమె తన పేరును దారంతోనే కుట్టి ఉంచింది. ఇటువంటి పేర్లు బహు తక్కువ. వేలకొలది కాంథాలు కుట్టిన స్త్రీలలో మనకు పేర్లు తెలిసినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ సేకరించినవి అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి. 1929లో జసీముద్దీన్ రచించిన నక్షీ కాంథార్ మాఠ్ కావ్యంలో విరహిణి అయిన పల్లెపడుచు తన జీవితకథను కాంథాపై కుట్టిపెడుతుంది. చెప్పుకోవడానికి వేరే చోటులేని స్త్రీకి బొంత కాగితం అయిందన్నమాట.

బీహారులోని సుజని పురిటిబిడ్డ కోసం పుట్టినది. రెండు మూడు పాతచీరలో ధోవతులో కలిపి కుట్టిన మెత్తని సుజనిలో బిడ్డను చుట్టేవారు. చితిరియా మా అని అక్కడ పేలికల తల్లిని తలుస్తారు. చింపులన్నీ కలిసి ఒక్కటి కావడం శుభమని నమ్మకం. ముజఫర్‌పూర్ జిల్లా భూసురా గ్రామంలో 1988లో ఈ కుట్టును పునరుద్ధరించినప్పుడు అక్కడి స్త్రీలు పూలతీగల స్థానంలో వరకట్నం, ఆడశిశువు పట్ల వివక్ష, తాగుడు మొదలైన తమ కష్టాలనే బొమ్మలుగా కుట్టారు.

పడమటికి పోతే సింధు, కచ్చి, బార్మేర్ ప్రాంతాలలో రల్లీ ఉంది. కలపడం అన్న అర్థం గల ధాతువు నుంచి ఆ పేరు వచ్చింది. రంగురంగుల ముక్కలు జ్యామితి ఆకృతులలో అతికి కుట్టే రల్లీలు పెళ్ళికూతురితో పాటు సారెగా వెళతాయి. దక్షిణాన ఉత్తర కన్నడ జిల్లాలోని హలియాళ్, యల్లాపూర్, ముండ్‌గోడ్ తాలూకాలలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ స్త్రీలు కుట్టే కవంది మరొక విశిష్ట సృష్టి. ఇందులో అంచు నుంచి కుట్టు మొదలై చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు చేరుతుంది. అన్నీ పూర్తయ్యాక నాలుగు మూలలా చిన్న గుడ్డముక్కలను ముక్కోణంగా మడిచి పూలు కుడతారు. ఫూల లేని కవంది బట్టలేని మనిషి వంటిదని వారి భావన.

తెలుగునాట బొంతకు ఇంత అలంకారం లేకపోయినా ఆదరణకు లోటులేదు. గంతకు తగ్గ బొంత అన్న సామెత అందరి నోటా ఉన్నదే. చినిగినచోట్లు లోపలికి పోయేలా, గట్టిగా ఉన్న చీరలు పైకీ కిందికీ వచ్చేలా పొరలు పేర్చి, నడుమ పేలికలు సర్ది, దబ్బనంతో బారుకుట్లు వేయడం ఇక్కడి పద్ధతి. పొలం పనులు లేని రోజుల్లో వాకిట్లోనో అరుగుమీదో ఇద్దరు ముగ్గురు స్త్రీలు చెరొక వైపు కూర్చుని కుట్టేవారు. వంగదేశపు కాంథాలోనూ మన బొంతలోనూ సూత్రం ఒక్కటే. నూలుబట్ట ఉతికినకొద్దీ గంజీ బిరుసూ పోయి మెత్తబడుతుంది. పొరల నడుమ నిలిచిన గాలి వెచ్చదనం ఇస్తుంది. ఒక పొరలో చిరుగు ఉన్నా పక్క పొర దానిని పట్టి నిలుపుతుంది. బలహీనమైన బట్టలన్నీ కలిసి బలమైన బట్ట అవుతుంది.

పసివాని జుబ్బా, ఆడపిల్ల పరికిణీ

బొంత పరుపుమీదనే ఆగిపోలేదు. ఇంటి బట్ట ఒంటి బట్టగా మారడం కూడా దీనితో పాటు సాగిన పనే. ఇందులో మొదటిస్థానం పసిబిడ్డది. చాలా ఇళ్ళలో పుట్టిన బిడ్డకు మొదట కొత్తబట్ట తొడగరు. పెద్దలు కట్టిన పాత ధోవతి, పాతచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. వాటిలోనే మెత్తని భాగం చూసి జుబ్బా కుడతారు. బొత్తాము గుచ్చుకుంటుందని అదే బట్టతో ముడివేసే తాళ్ళు పెడతారు. కుట్టు అంచు లేతచర్మానికి ఒరుసుకోకుండా పైకి ఉంచుతారు. దీర్ఘాయువు పొందిన పెద్దల బట్ట తగిలితే బిడ్డకూ ఆయువు కలుగుతుందన్న విశ్వాసం ఒక కారణం. నలిగిన నూలు కన్నా బిడ్డకు హాయి అయినది లేదన్న అనుభవం మరొక కారణం.

శుభకార్యాలకు, పూజలకు కొత్తది, చిరుగులేనిది, కుట్టనిది కావాలని మన సంప్రదాయం పట్టుబడుతుంది. అదే సంప్రదాయం అప్పుడే పుట్టిన బిడ్డకు, లోకాన్ని విడిచిన సన్న్యాసికి అతుకుల పాతబట్టను తొడిగింది. సమాజంలో ఇంకా చేరనివాడూ, అందులో నుంచి తొలగినవాడూ ఒకే బట్టకు అర్హులు కావడం ఆలోచింపదగినది.

బిడ్డ పెరిగే కొద్దీ బట్టల మార్పిడీ పెరిగేది. తల్లి పట్టుచీర మడతల వద్ద చిరిగితే జరీ అంచు చెడకుండా విప్పి కూతురికి పరికిణీ కుట్టేవారు. చీరకొంగు జాకెట్టు గుడ్డ అయ్యేది. మధ్యన పలచబడిన దుప్పటిని నిలువునా చీల్చి, గట్టి అంచులు నడుమకు తెచ్చి కుడితే ఇంకొన్నేళ్ళు మన్నేది. అది కూడా చిరిగితే లోపలి లంగాలు, దిండు గలీబులు, సంచులు అయ్యేవి. 1870ల దశకం నుంచి సింగర్ కుట్టుమిషన్లు దేశంలోకి రావడం, 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలుకావడం ఈ పనికి కొత్త ఊపునిచ్చాయి. చేతిసూదితో బొంత కుట్టిన ఇల్లాలి కోడలు మిషన్ మీద గౌను కుట్టింది. పనిముట్టు మారింది కాని బట్ట అదే ఇంటి పాతబట్ట.

పాతబట్టే కరువైన రోజులు

పాతబట్టల కుట్టు పేదరికపు కళ అని ఒక అపోహ ఉంది. రెండవ ప్రపంచయుద్ధకాలపు అనుభవం దీనిని సరిదిద్దుతుంది. యుద్ధావసరాలకు మిల్లుబట్ట తరలిపోవడం, దిగుమతులు నిలిచిపోవడం, నల్లబజారు విజృంభించడం కారణంగా 1943 నాటికి బట్టల ధరలు సామాన్యులకు అందకుండా పోయాయి. ఆ ఏడాది ప్రభుత్వం బట్టలు, నూలుపై నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. బెంగాలులో 1943 నాటి ఘోరక్షామం వెంటనే బట్టలకరువు వచ్చిపడింది. కట్టుకోవడానికి గుడ్డలేక పగలు గుడిసె దాటలేని స్త్రీల దుస్థితిని మాణిక్ బందోపాధ్యాయ తన దుఃశాసనీయ కథలో చిత్రించారు. ద్రౌపది వస్త్రాపహరణాన్ని గుర్తుచేసే ఆ పేరే కథ సారాంశాన్ని చెబుతుంది.

అటువంటి రోజుల్లో కాంథా ఎవరు కుడతారు? ఒక్క బొంతకు నాలుగైదు పాతచీరలు కావాలి. అంటే ఆ ఇంట కట్టుకునేందుకు వేరే చీరలు ఉండాలి. ఒకే చీరను సగం కట్టుకుని సగం ఆరవేసుకునే స్త్రీకి పాతచీర అన్నదే ఉండదు. ఆమె బిడ్డకు గోనెపట్టాయే గతి. అందుచేత బొంత దారిద్ర్యానికి చిహ్నం కాదు. అది ఉన్నంతలో జాగ్రత్తగా బతికిన ఇంటికి చిహ్నం. పాతబట్ట పోగయ్యేపాటి కలిమి, దానిని వృథా చేయని వివేకం, కుట్టుకునేపాటి తీరిక కలిసినచోటే ఈ కళ బతికింది.

పేరు నిలిచి పదార్థం పోతున్న వేళ

స్వాతంత్ర్యం తరువాత దశాబ్దాలలో ఈ అలవాటు క్రమంగా సన్నగిల్లింది. దీనికి ముఖ్యమైన కారణం బట్టలోనే ఉంది. 1970ల తరువాత ఇళ్ళను ముంచెత్తిన నైలాన్, పాలియెస్టర్ చీరలు చిరగవు, మెత్తబడవు, చెమట పీల్చవు. వాటితో పొత్తిగుడ్డలు కావు, బొంత కుడితే జారిపోతుంది. రెండవ కారణం వీధిలో వినిపించిన కేక. పాతచీరలకు స్టీలు సామాను ఇస్తామంటూ వచ్చేవారికి చీరలు వేసి గిన్నె పుచ్చుకోవడం గృహిణులకు లాభసాటిగా తోచింది. ఇంట బొంత కావలసిన చీరలు మూటలుగా అంగళ్ళకు చేరాయి. రెడీమేడ్ దుస్తులు చౌక అయ్యాక ఇంట కుట్టిన జుబ్బా తొడగడం నామోషీ అయింది.

ఇదే కాలంలో మరొకవైపు కాంథా కీర్తి పెరిగింది. 1971 యుద్ధానంతరం బంగ్లాదేశ్‌లో స్త్రీలకు జీవనోపాధిగా ఈ కుట్టును స్వచ్ఛంద సంస్థలు చేపట్టాయి. బ్రాక్ సంస్థ 1978లో స్థాపించిన ఆరంగ్ విక్రయశాలల ద్వారా నక్షీ కాంథా నగరాలకు చేరింది. పశ్చిమ బెంగాలులో శాంతినికేతన్ పరిసరాలు దీనికి కేంద్రమయ్యాయి. బీహారు సుజనికి, 2008లో పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు లభించాయి. ఈ కుట్టును వందలాది స్త్రీలకు నేర్పిన ప్రీతికణా గోస్వామికి 2023లో, తక్దీరా బేగంకు 2024లో పద్మశ్రీ పురస్కారాలు అందాయి. మానదాసుందరి తన పేరు తానే కుట్టుకోవలసిన రోజుల నుంచి ప్రభుత్వం కుట్టరి పేరు చదివి సన్మానించే రోజు వరకు వచ్చామంటే సంతోషమే.

కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. నేడు అంగడిలో కాంథా పేరుతో అమ్మేది దాదాపు అంతా కొత్తబట్ట. ఒకే పొర టస్సరు పట్టుపై అచ్చువేసిన నమూనా ప్రకారం కొత్త రంగుదారంతో కుట్టినది. కుట్టు మిగిలింది, కంథ అన్న మాటకు అసలు అర్థమైన పాతబట్ట పోయింది. కుట్టేది తన బిడ్డ కోసం కాదు, చూడని కొనుగోలుదారు కోసం. ఇందులో తప్పులేదు. పల్లెస్త్రీకి కూలి దొరకడం చిన్న విషయం కాదు. ఆ కూలి నెలల శ్రమకు తగినంత ఉన్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న. ఇంట ప్రేమతో ఉచితంగా చేసిన పని అన్న భావన ఆ కుట్టుకు వెల కట్టేటప్పుడు స్త్రీకి నష్టం తెస్తున్నది.

పాతబట్ట వైపు నుంచి కూడా కొత్త ప్రయత్నాలు లేకపోలేదు. 1999లో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ నగరాల పాతబట్టలను సేకరించి, వాటితో బడిసంచులు, సుజనీలు, స్త్రీల నెలసరి అవసరాలకు నూలు గుడ్డలు తయారు చేయిస్తున్నది. ఇచ్చేవారు దాతలన్న గర్వం, పుచ్చుకునేవారు దీనులన్న చిన్నతనం లేకుండా గ్రామస్థులు తమ ఊరికి చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఈ వస్తువులు అందజేయడం దాని పద్ధతి. అంటగట్టిన పాతబట్టకు, గౌరవంతో అందిన పాతబట్టకు గల తేడాను గుర్తించిన పద్ధతి ఇది. గుప్తాకు 2015లో మెగసేసే పురస్కారం లభించింది.

తెలుగునాట చేయవలసిన పని చాలా ఉంది. గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి చీరలను భద్రపరచిన శ్రద్ధలో కొంతైనా ఆ చీరలు చినిగాక ఏమయ్యాయో నమోదు చేయడంలో చూపాలి. అటకలమీద, ట్రంకుపెట్టెల అడుగున ఇంకా బొంతలున్నాయి. వాటిని కుట్టిన వృద్ధులు కొందరు మన మధ్య ఉన్నారు. ఏ పొర ఎవరి చీర, ఏ పెళ్ళినాటిది, ఏ బిడ్డ కోసం కుట్టినది అని అడిగితే ఒక్కొక్క బొంత ఒక్కొక్క ఇంటి చరిత్ర చెబుతుంది. జిల్లా మ్యూజియంలు అటువంటి బొంత నాలుగైనా సేకరించి, పక్కన కుట్టిన స్త్రీ పేరు, ఊరు, కుట్టిన కాలం రాసి ప్రదర్శించాలి. పాఠశాలల్లో చేతిపనుల గంటలో పిల్లలకు ఇంటి నుంచి తెచ్చిన ఒక పాతబట్టను, ఒక సూదిని ఇచ్చి గుచ్చుకుట్టు నేర్పడానికి ఖర్చు ఏమీ కాదు. ఆనందుడు ఉదయన మహారాజుకు ఇచ్చిన సమాధానంలో ఏ మెట్టు దగ్గర మనం ఆగిపోయామో ఆ పిల్లలకు అప్పుడు వేరుగా చెప్పనవసరం ఉండదు.